పనికీ కరవే, సరకుకూ ప్రియమే

ధరలు హెచ్చితే పనులు దొరుకుతాయనీ, ధరలు అణిగితే నిరుద్యోగం పెరుగుతుందనీ అర్థశాస్త్రంలో ఒక వాదం ఉన్నది. ఏ.డబ్ల్యు. ఫిలిప్స్ 1958లో బ్రిటన్‌కు చెందిన 1861–1957 నాటి లెక్కలు పరిశీలించి, నిరుద్యోగం తక్కువగా ఉన్న ఏళ్లలో కూలి రేట్లు వేగంగా పెరిగినట్లు చూపారు. తరువాతివారు దానిని ధరలకు అన్వయించారు. గిరాకీయే మార్కెట్టును నడిపే చోట ఇది కొంతవరకు నిజమే. అనంతపురం మెట్ట పొలాల లెక్క వేరు.

ఇక్కడ సాలుకు సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశెనగ ముఖ్య పంట. అదును తప్పితే విత్తడం, కలుపు, కాయ పీకడం, వలవడం వంటి పనులన్నీ వరుసగా పోతాయి. సరకు రాక పడిపోయి నూనె మిల్లులకు పని తగ్గుతుంది. అదే సమయంలో పశుగ్రాసం, తిండిగింజలు ప్రియమవుతాయి. ఒకటి లేస్తే రెండవది దిగే తక్కెడ కాదిది. రెంటినీ శాసించేది ఒకే మబ్బు.

హెచ్చు ధర రైతుకైనా దక్కుతుందన్న నమ్మకం లేదు. సౌరాష్ట్ర పంట, దిగుమతి పామాయిల్ నూనె ధరలను ప్రభావితం చేస్తాయి. అక్కడ పంట బాగుంటే ఇక్కడి రైతుకు పంటా లేదు, ధరా లేదు.

1972 కరవు, 1973 చమురు ధరల పెంపు తరువాత దేశంలో టోకు ధరలు 1973–74లో సుమారు 20 శాతం, మరుసటి ఏడు 25 శాతం పెరిగాయి. పనులు మాత్రం పుష్కలం కాలేదు. ఆ దశకంలో పడమటి దేశాలలోనూ ధరలు, నిరుద్యోగం జంటగా పెరిగాయి.

వడ్డీ రేటు పెంచితే గిరాకీ అణగవచ్చు, వాన కురవదు. 2006 ఫిబ్రవరి 2న ఏడాదికి 100 రోజుల ఉపాధి హామీ పథకాన్ని నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభించడంలో అర్థం ఉన్నది. ఖాళీ చేతులకు గట్లు, నీటి కుంటల పని చూపితే వచ్చే పంటకు మేలు. అయితే కూలి డబ్బు ఒక్కటే సంతకు వచ్చి, గింజలు రాకపోతే ధర మళ్లీ ఎగబాకుతుంది. కనుక పనితోపాటు చౌక ధరల దుకాణంలో బియ్యం నిండుగా ఉండాలి. కూలి రేటును ధరల వెంట సకాలంలో సవరించాలి. ఏది లోపించినా కూలీకి బెంగుళూరు బస్సు ఎక్కక తప్పదు.