పరీక్షలో సున్నా, ట్యాంకులో పచ్చ నాచు

ఈసారి ప్రశ్న మన మిల్టన్ గ్రూపులోంచే వచ్చింది. "బాబు ముచ్చటపడ్డాడని ఉప్పునీటి ట్యాంకు పెట్టాం అక్కా. మొదట్లో అద్దంలా ఉండేది. ఇప్పుడు రాళ్ళ నిండా వెంట్రుకల్లా పచ్చ నాచు. ఫాస్ఫేట్ టెస్టు చేస్తే సున్నా వస్తోంది. రాళ్ళన్నీ తీసి ఉడకబెట్టేద్దామని మావారంటున్నారు. చెయ్యొచ్చా?"

ముందు ఆఖరి మాటకి జవాబు చెప్తాను. వద్దు, ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

రాళ్ళ మీద గుండీల్లా, చిన్న చిన్న పువ్వుల్లా అతుక్కుని ఉండే జోయాంథిడ్ పగడాలు కొన్నిటిలో పాలీటాక్సిన్ అనే గట్టి విషం ఉంటుంది. రాయిని ఉడకబెడితే అది ఆవిరితోపాటు గాల్లోకి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 2018లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ట్యాంకు పగడాలు శుభ్రం చేసినందుకు ఒక కుటుంబమంతా ఆసుపత్రి పాలైంది. మన ఇళ్ళు చలికాలమంతా తలుపులు, కిటికీలు బిగించే ఉంటాయి, ఆ గాలి ఎక్కడికీ పోదు. రాళ్ళు తోమేటప్పుడు కూడా గ్లౌజులు, కళ్ళద్దాలు పెట్టుకోండి, ట్యాంకు నీటిలోనే తోమండి. ఆ తర్వాత దగ్గు, ఆయాసం, జ్వరం, ఒళ్ళునొప్పులు, నోట్లో చేదు వస్తే అందరూ ఇంట్లోంచి బయటికి వచ్చి 911కి ఫోన్ చెయ్యండి. "అక్వేరియం పగడాలు, పాలీటాక్సిన్" అని డాక్టరుకి మీరే చెప్పండి. లేకపోతే ఫ్లూ అనుకునే అవకాశం ఉంది.

ఇక ఆ సున్నా సంగతి. పెళ్ళి బంతిలో గారెలు వడ్డించినవి వడ్డించినట్టే అయిపోతే, వంటవాళ్ళు గారెలు వండలేదని అర్థమా? తినేవాళ్ళు ఎక్కువున్నారని అర్థం. టెస్టు కిట్టు నీళ్ళలో మిగిలిన ఫాస్ఫేట్‌నే చూపిస్తుంది, నాచు తినేసింది లెక్కలోకి రాదు. అందుకే అంకెని ఒక్కదాన్నే నమ్మకండి, అంకెనీ రాళ్ళనీ కలిపి చూడండి.

నాచుకి ఫాస్ఫేట్ ఎంత ముఖ్యమో లోకానికి కళ్ళకు కట్టినట్టు చూపించింది మన ఒంటారియోనే. 1973లో రాష్ట్రం వాయవ్యాన, 226 నంబరు సరస్సును మధ్యలో పెద్ద తెర కట్టి రెండు భాగాలు చేశారు. ఒక వైపు కార్బన్, నైట్రోజన్ వేశారు. రెండో వైపు ఆ రెండిటితోపాటు ఫాస్ఫరస్ కూడా వేశారు. ఫాస్ఫరస్ పడిన వైపు మాత్రమే నాచుతో పచ్చగా మారిపోయింది. బట్టల సబ్బుపొడుల్లో, 2010 నుంచి ఇళ్ళలో వాడే డిష్‌వాషర్ సబ్బుల్లో కూడా ఫాస్ఫరస్‌కు కెనడా హద్దు పెట్టింది ఈ నాచు బాధకే. సరస్సుకైనా మన ట్యాంకుకైనా సూత్రం ఒకటే: లోపలికి వచ్చేది తగ్గించాలి, వచ్చింది బయటికి పంపాలి.

లోపలికి ఎక్కణ్ణుంచి వస్తోంది?

మొదటిది మేత. చేపలు రెండు మూడు నిమిషాల్లో తినేసేంతే వెయ్యండి. ఫ్రోజెన్ మైసిస్ లాంటివి కరిగించి, జల్లెడలో కడిగి, ఆ నీళ్ళు పారబోసి వెయ్యండి. పిల్లలు రోజుకి నాలుగుసార్లు వేస్తుంటే, పొద్దున్నే డబ్బాలో ఆ రోజుకి సరిపడా కొలిచి పెట్టండి. అది అయిపోతే ఇంక లేదంతే.

రెండోది నీళ్ళు. కొన్ని ఊళ్ళలో పైపుల్లోంచి సీసం దిగకుండా తాగునీటిలో ఫాస్ఫేట్ కలుపుతారు. టొరంటోలో 2014 నుంచి కలుపుతున్నారు. అది మనకి మంచిదే గాని ట్యాంకుకి కాదు. మీ కొళాయి నీళ్ళని కూడా అదే కిట్టుతో పరీక్షించి చూడండి. పైగా చలికాలం ఫర్నేసు నడుస్తుంటే ఇంట్లో గాలి పొడిబారి ట్యాంకు నీళ్ళు త్వరగా ఆవిరైపోతాయి. ఆవిరయ్యేది నీరే, ఫాస్ఫేట్ లోపలే ఉంటుంది. పులుసు మరిగిన కొద్దీ ఉప్పెక్కినట్టు, కొళాయి నీళ్ళు పోసిన కొద్దీ అది పెరుగుతుంది. అందుకే ఉప్పు కలపడానికైనా, తగ్గిన నీళ్ళు నింపడానికైనా ఆర్.ఓ.డి.ఐ. నీళ్ళే వాడండి.

మూడోది రాళ్ళు. ఇవి ఫాస్ఫేట్‌ని పీల్చుకుని దాచుకుంటాయి. నీటిలో తగ్గగానే మెల్లగా వదులుతాయి. వారం చేసి ఫలితం లేదని నీరసపడకండి, నెలలు పడుతుంది.

బయటికి పంపేదెలా? నాచును చేత్తో పీకుతూ, టూత్‌బ్రష్‌తో తోముతూ, అదే సమయంలో సైఫన్ గొట్టంతో లాగెయ్యండి. వారానికి పదో వంతు నీళ్ళు మార్చండి. ప్రోటీన్ స్కిమ్మర్ కప్పు కడుగుతూ ఉండండి. లైటు ఎనిమిది గంటలు చాలు. టర్బో నత్తలు సాయం చేస్తాయి గాని, తిన్నది మళ్ళీ నీళ్ళలోకే వదులుతాయని గుర్తుంచుకోండి. సంపు ఉన్నవాళ్ళు అందులో చీటో అనే పీచులాంటి నాచును లైటు పెట్టి పెంచి, అప్పుడప్పుడు సగం తీసి పారేస్తే, అది తిన్న ఫాస్ఫేట్ కూడా దాంతోపాటే పోతుంది.

ఇవన్నీ చేసినా టెస్టులో అంకె ఎక్కువగా ఉంటేనే జి.ఎఫ్.ఓ. అనే తుప్పురంగు గుళికలు వాడండి. డబ్బా మీద రాసిన దాంట్లో పావు వంతుతో మొదలుపెట్టండి. ఒక్కసారిగా లాగేస్తే పగడాలు పాలిపోయి చచ్చిపోతాయి. సున్నా మన గురి కాదమ్మా. పగడాలకీ కాస్త ఫాస్ఫేట్ కావాలి. 0.03 నుంచి 0.1 పిపియం మధ్య ఉంటే చాలు. 200 లీటర్ల ట్యాంకులో 0.1 అంటే మొత్తం 20 మిల్లీగ్రాములే. మరీ సున్నాకి దించితే పచ్చ నాచు పోయి, బుడగలతో జిగురుగా ఉండే గోధుమరంగు డైనోలు పట్టుకునే ప్రమాదం ఉంది. అవి ఇంకా మొండివి.

ఒక మాట. మార్చిన ఉప్పునీళ్ళు సింకులోనో టాయిలెట్‌లోనో పొయ్యండి. లాన్‌లో పోస్తే గడ్డి మాడిపోతుంది. వీధి కాలవలో పోస్తే సిక్స్‌టీన్ మైల్ క్రీక్ లాంటి వాగులోకి పోతుంది. పీకిన నాచు కవర్లో కట్టి చెత్తలో వెయ్యండి.

ప్రశ్న అడిగిన చెల్లికి: రాళ్ళు ట్యాంకులోనే ఉండనివ్వండి, స్టవ్ జోలికి పోవద్దు. ఈ వారం మేత తగ్గించి, కొళాయి నీళ్ళు పరీక్షించి, నాచు చేత్తో తీసి, ఫొటో తీసి పెట్టుకోండి. నెల తర్వాత అదే చోట ఇంకో ఫొటో తీసి రెండూ గ్రూపులో పెట్టండి, కలిసి చూద్దాం.