ముక్కు మీద కొమ్మున్న పిట్ట

ఎండకాలం సెలవుల్లో సిరొంచ దిక్కు చుట్టాల ఇండ్లకు పోయే పిల్లలూ, ఈసారి ఒక పిట్టను గుర్తుపట్టి రండి. మరాఠీలో దాన్ని ధనేశ్ అంటరు. గడ్చిరోలి అడవుల్లో కనిపించేది బూడిద రంగు ధనేశ్.

గుర్తులు చెప్తా. సైజు గద్దంత, ముక్కు నుంచి తోక దాకా సుమారు రెండడుగులు. ఒళ్లంతా బూడిద రంగు, పొట్ట తెలుపు. పొడుగాటి ముక్కు కొడవలి లెక్క వంగి ఉంటది. దాని మీద చిన్న నల్ల కొమ్ము. ఆడదానికి ఆ కొమ్ము ఇంకా చిన్నది, పిల్లలకు ఉండదు. తోక పొడుగు, చివర తెలుపు, దానికి ముందు నల్ల పట్టీ. కూత గద్ద కూతలాగుంటది, అందుకే కూత విని ఊరుకోవద్దు, ముక్కు చూడాలె.

బొమ్మల పుస్తకాల్లో రంగురంగుల పెద్ద ముక్కుతో ఉండేది టూకాన్. అది అమెరికా ఖండాల అడవుల పిట్ట. మనది వేరే జాతి.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా దీనికి పిల్లల కాలం. ఆడపిట్ట చెట్టు తొర్రలో దూరి, రెట్టతో, మట్టితో వాకిలి మూసుకుంటది. సన్నటి సందు ఒక్కటే ఉంచుతది. లోపల ఉన్నప్పుడే దాని రెక్కల ఈకలు రాలిపోతయి, ఎగరలేదు. మర్రి, రావి, మేడి పండ్లు, పురుగులు, బల్లులు మగదే తెచ్చి సందులోంచి అందిస్తది. ఒక్కడి కూలి మీద ఇల్లంతా బతికినట్టు. ఆ మగదాన్ని కొడితే లోపలున్న తల్లికీ పిల్లలకూ తిండి బంద్.

ధనేశ్ నూనె రాస్తే కీళ్లనొప్పులు పోతయని కొన్నిచోట్ల అమ్ముతరు. మిల్లులో నిలబడి అరిగిన మోకాళ్లు మనవి, ఆశ పుడతది. కానీ అది పనిచేస్తదనడానికి రుజువు లేదు. పిట్టను చంపి తీసే నూనె అది. 1972 వన్యప్రాణుల చట్టం ప్రకారం ఆ వేట నేరం. నొప్పికి దవాఖానకు పోదాం.

తొర్ర పడ్డ ముసలి చెట్టు పనికిరాదని నరకకండి. ఈ పిట్ట తొర్ర తొలచుకోలేదు, ఉన్నదాంట్లోనే కాపురం పెడతది. నాగపూర్, ముంబై లాంటి పట్నాల్లోనూ పెద్ద చెట్లున్న చోట ఇది కనిపిస్తది. మన లైన్ల పక్క రావిచెట్టు మీద కూడా ఓ కన్నేయండి. చూసినోళ్లు ఏ చెట్టు, ఏ పండు తింటుందో పత్రికకు రాయండి. గూడున్న జాగ మాత్రం రాయొద్దు.