మూన్నాళ్ళ తోటలు

పట్టణములలో తోటలు వేయు పని నేడొక పెద్ద వ్యాపారమైనది. వీథుల నడుమ మొక్కల వరుసలు, కూడలులలో పచ్చికలు, మేడల చుట్టును పూలపాదులు, ఆసుపత్రుల ముంగిట నీడచెట్లు — ఇవి యిప్పుడు కంట్రాక్టరు గుత్తకు పుచ్చుకొని, కూలీలను పెట్టి, బిల్లు వ్రాసి సొమ్ము రాబట్టుకొను పనులు. ఇందు తప్పేమియు లేదు. పని పెరిగినపుడు దానిని బాధ్యతతో నడపు వర్తకుడు ఉండవలసినదే. మా ఆక్షేపణ వ్యాపారముపై గాదు; ఆ వ్యాపారి యోగ్యతను మన పట్టణములు కొలుచుచున్న కొలబద్దపై.

పనుల కంట్రాక్టరులను తరగతులుగా విభజించి నమోదు చేయు పద్ధతి మనకు చిరకాలముగా నున్నది. ఇంతకు మున్ను ఎంత విలువగల పనులు చేసెను? ధనబల మెంత? ధరావతు కట్టగలడా? — ముఖ్యముగా అడుగు ప్రశ్న లివియే. టెండరులు తెరచిన పిదప తక్కువ ధర వ్రాసినవానికి పని దక్కును. ఏ నేలకు ఏ మొక్క తగునో, ఏ మొక్కకు ఎంత నీరు వలయునో యెరిగినవాడా యని విచారించుట అరుదు. రోడ్డు వేయుటకును మురుగుకాలువ కట్టుటకును ఈ కొలబద్ద కొంతవరకు చాలునేమో! తోట యట్టిది కాదు. రోడ్డు ముగించిన దినముననే పూర్తియగును; తోట నాటిన దినమున మొదలగును. ఆ మొదలునే ముగింపుగా నెంచి పైకము చెల్లించుటయే మన పద్ధతిలోని మూలదోషము.

ధర మితిమీరి తగ్గించినవాడు ఆ నష్టమును ఎక్కడనో పూడ్చుకొనవలయును. పూడ్చుకొను చోటులు చాలవరకు నేలక్రిందనే యున్నవి. మూడడుగులు త్రవ్వవలసిన గుంత అడుగున్నరతో ఆగును. ఎర్రమన్నును పశువుల యెరువును నింపవలసిన చోట ఇటుకముక్కలును సున్నపు పెళ్ళలును నిండును. సంచిలో నెక్కువకాల ముండి వేళ్ళు చుట్టలు చుట్టుకొన్న మొక్క చౌకగా వచ్చును. దానిని సంచితోడనే పాతివేయువారును గలరు. ప్రారంభోత్సవమునాడు అంతయు పచ్చగానే యుండును. వైశాఖపు టెండకు ఎండిపోవునప్పటికి బిల్లు చెల్లియే యుండును. మరుసటి వర్షాకాలమున ఆ గుంతలోననే మరియొక మొక్కకు మరియొక టెండరు! పన్నుకట్టు పౌరుడు ఒకే చెట్టునకు రెండు మూడుమార్లు వెల చెల్లించియు దాని నీడ యెరుగడు.

మొక్కను ఎన్నుకొనుటలోని తొందరపాటునకు కోనోకార్పసు ఉదాహరణము. అది శీఘ్రముగా పెరుగును, ఏడాది పొడవునను పచ్చగా నుండును. ఇంకేమి! ఊరూరను బారులు తీర్చి నాటిరి. పిమ్మట దాని పుప్పొడి శ్వాసకోశములకు కీడనియు, వేళ్ళు నీటిగొట్టములను చెరచుననియు ఫిర్యాదులు చెలరేగినవి. వీనిలో నిజమెంతయో శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయము లేదు. అయినను తెలంగాణములో 2022లోను, గుజరాతులో 2023లోను దానిని నాటరాదని ఉత్తరువులు వెలువడినవి. నాటుటకు ఒక వ్యయము, పెరికివేయుటకు మరియొక వ్యయము. వేప, కానుగ, పొగడ, రావి మన గాలికిని మన యెండకును తరతరములుగా అలవాటుపడిన చెట్లు గదా! వానిని మరచుటకు కారణము వాని పెరుగుదల నిదానమగుటయు, బిల్లునకు తొందర యుండుటయు దప్ప మరేమి?

అన్యదేశమున ఈ వృత్తి యెట్లు నడచుచున్నదో పరికింతము. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున కంట్రాక్టరుల లైసెన్సుల వ్యవస్థ 1929లో నెలకొన్నది. అందు తోటలు తీర్చువారికి 'సి-27' అను ప్రత్యేక తరగతి గలదు. అభ్యర్థికి ఆ పనిలో నాలుగేండ్ల అనుభవ ముండవలయును. సామాన్యముగా రెండు పరీక్షలలో కృతార్థుడు కావలయును. ఒకటి చట్టమును వ్యాపారమును గూర్చినది, రెండవది వృత్తిని గూర్చినది. 2023 మొదలు 25,000 డాలర్ల హామీపత్రమును దాఖలు చేయవలయును. ఇంటి తోటపనికి ముందస్తుగా పుచ్చుకొను సొమ్ము గుత్తలో పదవ వంతునకు గాని, వేయి డాలర్లకు గాని, ఏది తక్కువైన దానికి, మించరాదు. లైసెన్సు లేక పెద్దపని చేసినవాడు కూలి రాలేదని న్యాయస్థానము నాశ్రయింపజాలడు. పుచ్చుకొన్న సొమ్మును సయితము తిరిగి యిచ్చుకొనవలసి రావచ్చును. అచట లైసెన్సు ధనవంతుని గుర్తించు చీటి కాదు. పని తెలిసినవాడని ప్రజలకిచ్చు మాట.

లైసెన్సుల బెడద మనకు చాలదా, పరీక్షల పేర బీద తోటమాలి నోటికూడు తీయుదురా యని కొందరు ప్రశ్నింపవచ్చును. ఈ ప్రశ్న త్రోసివేయదగినది గాదు. కాని అచటనే దీనికి సమాధానమును గలదు. కూలీలను పెట్టుకొనక, అధికారుల అనుమతి యక్కరలేని చిన్నపని చేసికొనువానికి, గుత్త వేయి డాలర్లలోపైనచో, 2025 నుండి లైసెన్సు అక్కరలేదు. మనమును చిన్నవానిని విడిచిపెట్టుదము. ప్రజాధనముతో పెద్ద గుత్తలు పట్టువానినే పరీక్షింతము. ఆ పరీక్ష తెలుగున జరుగవలయును. కాగితముమీదకన్న నేలమీద నెక్కువగా జరుగవలయును. అట్లయినచో గునపము పట్టి యిరువదియేండ్లు పనిచేసిన తోటమాలియే ముందు నెగ్గును.

ఆ విద్య మనకు కొరవడలేదు. గోదావరి తీరమున కడియము, కడియపులంక గ్రామముల నర్సరీలనుండి దేశమున నలుదెసలకును మొక్కలు పోవుచున్నవి. 2007లో ఆంధ్రప్రదేశమునకును, 2014లో తెలంగాణమునకును ఉద్యాన విశ్వవిద్యాలయము లేర్పడినవి. కడియపు రైతు చేతిలోని నేర్పును, విశ్వవిద్యాలయపు శాస్త్రమును కలిపి ఒక పరీక్ష నెలకొల్పుట అసాధ్యమా?

న్యాయముగా పనిచేయు కంట్రాక్టరు పక్షమున నొకమాట చెప్పక విడువరాదు. మొక్కకు నీరు నేడే పోయవలయును. కూలీకి వారము తిరుగగనే కూలి యీయవలయును. అతని బిల్లు మాత్రము బల్లనుండి బల్లకు నెలల తరబడి నడచుచుండును. అప్పు తెచ్చి వడ్డీ కట్టుచు తోట పెంచుమనుట, మోసము చేయుమని పరోక్షముగా బోధించుటయే. మొదట తగ్గునది కూలివాని కూలి, పిదప మొక్క నీరు. కావున పురపాలక సంఘములు ముందు తమ బాకీలు గడువులోపల తీర్చి, తరువాత కంట్రాక్టరును నిలదీయవలయును.

మేము కోరునవి మూడు. పెద్ద గుత్తలకు వృత్తిపరీక్ష యొకటి. రెండు వేసవులు దాటిన పిదప బ్రదికియున్న మొక్కలను లెక్కించి గుత్తసొమ్ములో గణనీయమైన భాగమును అప్పుడు చెల్లించుట రెండవది. చెల్లించవలసిన సొమ్మును చెప్పిన దినమున చెల్లించుట మూడవది. 1992నాటి 74వ రాజ్యాంగ సవరణ పార్కులను తోటలను పురపాలక సంఘములకు అప్పగింపదగిన విధులలో చేర్చినది. ఇది వారి దయాధర్మము కాదు, వారి పని.

హైదరాబాదున బాగ్‌లింగంపల్లి, బషీర్‌బాగ్, జాంబాగ్ అను పేళ్ళు నేటికిని వినవచ్చుచున్నవి. బాగ్ అనగా తోట. పేళ్ళు మిగిలినవి, ఆనాటి తోటలు పోయినవి. మన యితర పట్టణములకును ఈ గతి పట్టకుండ చూచుకొను బాధ్యత చదువరులైన పౌరులది. మీ వార్డు సభ్యుడు ఈ యేడు ఇన్ని వేల మొక్కలు నాటించితిమని చెప్పినపుడు, నిరుడు నాటినవానిలో ఎన్ని బ్రదికినవని యడుగుడు. జవాబు వచ్చువరకు అడుగుడు.