భారతదేశంలో మొబైల్ సాంకేతికత ఎంపిక

భారతదేశంలో మొబైల్ సాంకేతికత ఎంపిక అనేది 1990ల నుండి దేశ దూరసమాచార రంగాన్ని ప్రభావితం చేస్తూ వచ్చిన విధాన నిర్ణయాల పరంపర. ఏ సాంకేతికతను అనుమతించాలి, దానిని ప్రభుత్వమే నిర్ణయించాలా లేక సంస్థలకు వదిలివేయాలా, నిర్ణయం బెడిసికొడితే ఆ నష్టాన్ని ఎవరు భరించాలి అనేవి ఇందులోని ప్రధాన ప్రశ్నలు. జి.ఎస్.ఎం., సి.డి.ఎం.ఏ. పద్ధతుల మధ్య సాగిన పోటీ ఈ పరంపరలో ముఖ్యమైన ఘట్టం. తరువాతి కాలంలో 4జి, 5జి విషయంలోనూ ఇవే ప్రశ్నలు మరో రూపంలో ఎదురయ్యాయి.

రెండు పద్ధతుల స్వరూపం

జి.ఎస్.ఎం. ఐరోపా దేశాలు ఉమ్మడిగా రూపొందించుకున్న ప్రమాణం. దీనిపై తొలి వాణిజ్య సేవ 1991లో ఫిన్లాండులో మొదలైంది. ఇందులో 200 కిలోహెర్ట్జ్ వెడల్పు గల ఒక్కొక్క వాహక తరంగాన్ని ఎనిమిది కాలఖండాలుగా విభజించి, ఒక్కొక్క సంభాషణకు ఒక్కొక్క ఖండాన్ని కేటాయిస్తారు. చందాదారుని వివరాలు సిమ్ కార్డులో ఉంటాయి. కనుక కార్డు మార్చుకుంటే అదే ఫోనుతో మరో సంస్థ సేవలను పొందవచ్చు.

సి.డి.ఎం.ఏ.ను మొబైల్ ఫోన్లకు అనువుగా అభివృద్ధి చేసినది అమెరికాకు చెందిన క్వాల్‌కామ్ సంస్థ. ఇందులో 1.25 మెగాహెర్ట్జ్ వెడల్పు గల వాహక తరంగంపై అనేక సంభాషణలు ఏకకాలంలో సాగుతాయి. ఒక్కొక్క సంభాషణకు ఒక్కొక్క సంకేతం ఉంటుంది. ఒకే రైలుపెట్టెలో తెలుగువారు, తమిళులు, బెంగాలీలు ఒకేసారి మాట్లాడుకుంటున్నా ఎవరి భాష వారికి వినబడినట్లే, ఫోను తన సంకేతాన్ని మాత్రమే గ్రహిస్తుంది. పరిమితమైన స్పెక్ట్రంలో ఎక్కువ మందికి సేవలందించగలగడం దీని బలం. భారతదేశంలో ఈ ఫోన్లు సాధారణంగా ఒకే సంస్థతో ముడిపడి ఉండడం దీని బలహీనత.

తొలి నిర్ణయం

1994 నాటి జాతీయ టెలికాం విధానం ప్రకారం అప్పట్లో దేశంలో ప్రతి వంద మందికి సుమారు 0.8 టెలిఫోన్లు మాత్రమే ఉండేవి. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై నగరాల మొబైల్ లైసెన్సుల కోసం టెండర్లు పిలిచినపుడు ప్రభుత్వం జి.ఎస్.ఎం. పద్ధతినే నిర్దేశించింది. నాటికి సి.డి.ఎం.ఏ. ఇంకా వాణిజ్యపరంగా నిరూపితం కాలేదు. జి.ఎస్.ఎం. పరికరాలను మాత్రం పలు సంస్థలు పోటీపడి తయారుచేస్తున్నాయి. ఆ పరిస్థితిలో అది సహేతుకమైన ఎంపికే.

1995 జూలై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు కోల్‌కతా నుండి ఢిల్లీలోని కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడడంతో దేశంలో మొబైల్ సేవ మొదలైంది. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో టాటా సెల్యులర్, జేటీ మొబైల్ సంస్థలు తొలి లైసెన్సులు పొందాయి. ప్రారంభంలో రద్దీ వేళల్లో నిమిషానికి 16 రూపాయల 80 పైసల వరకు వసూలు చేసేవారు. వచ్చే కాల్స్‌కు కూడా రుసుము ఉండేది. సాంకేతికత ఆధునికమైనదే అయినా, వేలంలో పాడుకున్న భారీ లైసెన్సు రుసుముల వల్ల ఫోను సంపన్నులకే పరిమితమైంది. 1999 నాటి నూతన టెలికాం విధానం స్థిర రుసుము స్థానంలో ఆదాయంలో వాటా పద్ధతిని ప్రవేశపెట్టి సంస్థలపై ఈ భారాన్ని తగ్గించింది.

డబ్ల్యు.ఎల్.ఎల్. వివాదం

సి.డి.ఎం.ఏ. దేశంలోకి మొబైల్ లైసెన్సు ద్వారా కాక, స్థిర ఫోన్ల లైసెన్సు ద్వారా ప్రవేశించింది. ఎక్స్ఛేంజి నుండి ఇంటి వరకు రాగి తీగ వేయడం ఖర్చుతో కూడిన పని. ఆ చివరి అంచెను రేడియో తరంగాలతో పూర్తిచేసే పద్ధతిని వైర్‌లెస్ లోకల్ లూప్, సంక్షిప్తంగా డబ్ల్యు.ఎల్.ఎల్. అంటారు. ఐఐటీ మద్రాసులో అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం గ్రామీణ అవసరాల కోసం రూపొందించిన కార్‌డెక్ట్ కూడా ఈ కోవకు చెందినదే. అయితే సి.డి.ఎం.ఏ.తో ఇదే పని చేసినపుడు ఆ ఫోనును చేతపట్టుకొని తిరగడం కూడా సాధ్యమైంది. టాటా టెలిసర్వీసెస్ సంస్థ దేశంలో సి.డి.ఎం.ఏ. సేవలను మొదట ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోనే ప్రారంభించింది.

2001 జనవరిలో కేంద్ర ప్రభుత్వం స్థిర ఫోను సంస్థలకు "పరిమిత సంచారం"తో కూడిన సేవకు అనుమతినిచ్చింది. దీని ప్రకారం చందాదారుడు దాదాపు తాలూకా పరిమాణం గల ప్రాంతంలో ఫోనుతో తిరగవచ్చు. మొబైల్ సంస్థలు దీనిని తీవ్రంగా వ్యతిరేకించాయి. తాము అధిక రుసుము చెల్లించి పొందిన హక్కును ఇతరులకు తక్కువ రుసుముతో దొడ్డిదారిన ఇచ్చారని వాటి వాదన. సామాన్యునికి చౌకగా ఫోను అందించే సాంకేతికతను అడ్డుకోరాదని స్థిర ఫోను సంస్థల వాదన.

వివాదం టెలికాం వివాదాల ట్రిబ్యునల్ అయిన టీడీశాట్‌కు చేరింది. 2002లో అది మొబైల్ సంస్థల పిటిషన్లను తోసిపుచ్చింది. అదే సంవత్సరం డిసెంబరులో సుప్రీంకోర్టు కేసును తిరిగి పరిశీలించమని ట్రిబ్యునల్‌కు పంపింది. 2003 ఆగస్టులో ట్రిబ్యునల్ మెజారిటీ తీర్పుతో పరిమిత సంచారాన్ని సమర్థించింది. ఈలోగా రిలయన్స్ ఇన్ఫోకామ్ సంస్థ 2002 డిసెంబరు 28న తన సి.డి.ఎం.ఏ. సేవలను ప్రారంభించింది. 2003లో 501 రూపాయల తొలి చెల్లింపుతో హ్యాండ్‌సెట్ ఇచ్చే పథకాన్ని ప్రవేశపెట్టింది. ఆచరణలో పరిమిత, పూర్తి సంచారాల మధ్య గీత చెరిగిపోయింది. 2003 నవంబరులో ప్రభుత్వం ఏకీకృత లైసెన్సు విధానాన్ని ప్రకటించి, అదనపు రుసుముతో స్థిర ఫోను సంస్థలు పూర్తిస్థాయి మొబైల్ సేవలు అందించడానికి అవకాశమిచ్చింది.

సి.డి.ఎం.ఏ. క్షీణత

ఒక దశలో దేశంలోని మొబైల్ చందాదారులలో దాదాపు నాలుగో వంతు మంది సి.డి.ఎం.ఏ. ఫోన్లే వాడేవారు. అయినా ఆ పద్ధతి నిలదొక్కుకోలేకపోయింది. ప్రపంచంలో ఎక్కువ దేశాలు జి.ఎస్.ఎం. వైపు ఉండడంతో ఆ ఫోన్లు ఎక్కువ రకాలలో, తక్కువ ధరలకు దొరికేవి. సి.డి.ఎం.ఏ. ఫోన్ల రాయల్టీ విషయంలో 2006లో భారత సంస్థలకు, క్వాల్‌కామ్‌కు మధ్య విభేదాలు తలెత్తాయి.

2007 అక్టోబరులో ప్రభుత్వం ఒకే సంస్థ రెండు సాంకేతికతలనూ వాడుకొనే అనుమతినిచ్చింది. దేశవ్యాప్త అనుమతికి రుసుము సుమారు 1,650 కోట్ల రూపాయలు. సి.డి.ఎం.ఏ.కు ప్రధాన ప్రతినిధులైన రిలయన్స్, టాటా సంస్థలే జి.ఎస్.ఎం. సేవలు మొదలుపెట్టాయి. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 లైసెన్సులను రద్దుచేసిన తరువాత, అదే ఏడాది నవంబరులో జరిగిన వేలంలో సి.డి.ఎం.ఏ. స్పెక్ట్రం కొనడానికి ఎవరూ ముందుకు రాలేదు. 2017 తరువాత ఈ సేవలు దేశంలో దాదాపుగా అంతరించాయి. చందాదారుల చేతిలోని ఫోన్లు మరే సంస్థ సేవలకూ పనికిరాకుండా పోయాయి. ఒకప్పుడు సి.డి.ఎం.ఏ.కు కేటాయించిన 800 మెగాహెర్ట్జ్ పట్టీ మాత్రం దూరం ప్రసరించగల గుణం వల్ల 4జి సేవలకు విలువైనదైంది.

4జి: సంస్థల చేతికి నిర్ణయం

2010లో ప్రభుత్వం 3జి స్పెక్ట్రం వేలం ద్వారా 67,719 కోట్ల రూపాయలు, బ్రాడ్‌బ్యాండ్ స్పెక్ట్రం వేలం ద్వారా 38,543 కోట్ల రూపాయలు సమకూర్చుకుంది. ఈసారి బ్రాడ్‌బ్యాండ్ స్పెక్ట్రంపై ఏ సాంకేతికతను వాడాలో నిర్దేశించలేదు. నాడు వైమాక్స్, ఎల్.టి.ఇ. పద్ధతులు పోటీలో ఉన్నాయి. బీఎస్ఎన్ఎల్ వైమాక్స్‌ను ఎంచుకొంది. ప్రైవేటు సంస్థలు ఎల్.టి.ఇ. వైపు మొగ్గాయి. 2012 ఏప్రిల్‌లో ఎయిర్‌టెల్ కోల్‌కతాలో తొలి ఎల్.టి.ఇ. సేవను ప్రారంభించింది. 2016 సెప్టెంబరు 5న మొదలైన జియో, 2జి, 3జి జోలికి పోకుండా 4జిని మాత్రమే నమ్ముకొంది. వైమాక్స్ ప్రపంచమంతటా వెనుకబడిపోయింది. తప్పుడు ఎంపిక భారం ఇక్కడ ప్రభుత్వరంగ సంస్థపై పడింది.

5జి, స్వదేశీ ప్రమాణం

భారత గ్రామీణ ప్రాంతాలలో టవర్ల మధ్య దూరం ఎక్కువ. ఐరోపా నగరాలను దృష్టిలో పెట్టుకొని తయారైన ప్రమాణాలు ఇక్కడి అవసరాలను పూర్తిగా తీర్చలేవనే ఉద్దేశ్యంతో 5జిఐ అనే ప్రమాణం రూపొందింది. తెలంగాణలోని సంగారెడ్డి జిల్లా కందిలో గల ఐఐటీ హైదరాబాదు, ఐఐటీ మద్రాసు పరిశోధకులు ఇందులో ముఖ్యపాత్ర వహించారు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్య కూడా దీనిని గుర్తించింది. అయితే వేరే ప్రమాణం వల్ల పరికరాల ధరలు పెరుగుతాయని మొబైల్ సంస్థలు అభ్యంతరం చెప్పాయి. చివరకు దీనిలోని అంశాలను ప్రపంచ 5జి ప్రమాణంలో విలీనం చేయడానికి అంగీకారం కుదిరింది. 2022 అక్టోబరు 1న దేశంలో 5జి సేవలు ప్రారంభమయ్యాయి.

బీఎస్ఎన్ఎల్ విషయంలో ప్రభుత్వం మరో మార్గం అనుసరించింది. 2020లో విదేశీ పరికరాలకు అవకాశమున్న 4జి టెండరును రద్దుచేసి, టీసీఎస్, తేజస్ నెట్‌వర్క్స్, సి-డాట్ సంస్థల స్వదేశీ సాంకేతికతను ఎంచుకొంది. ఈ వ్యవస్థ 2025 సెప్టెంబరు 27న లాంఛనంగా ప్రారంభమైంది. అప్పటికి ప్రైవేటు సంస్థలు 5జి మొదలుపెట్టి దాదాపు మూడేళ్ళు గడిచింది.

విశ్లేషణ

ఈ చరిత్ర నుండి మూడు విషయాలు గమనించవచ్చు. మొదటిది, ధరలు తగ్గడానికి సాంకేతికత ఒక్కటే కారణం కాదు. సి.డి.ఎం.ఏ. సేవలు చౌకగా లభించడంలో ఆ సంస్థలు చెల్లించిన తక్కువ లైసెన్సు రుసుముకు కూడా పాత్ర ఉంది. ఆదాయంలో వాటా పద్ధతి, 2003 మే నుండి వచ్చే కాల్స్ ఉచితం కావడం, పెరిగిన పోటీ కలిసి జి.ఎస్.ఎం. ధరలను కూడా దించాయి.

రెండవది, స్వదేశీ ప్రమాణానికి నిశ్చితమైన కొనుగోలుదారు అవసరం. చైనా 2009 జనవరిలో తన సొంత 3జి ప్రమాణాన్ని అతిపెద్ద సంస్థ అయిన చైనా మొబైల్‌కు అప్పగించింది. మిగిలిన రెండు సంస్థలు విదేశీ ప్రమాణాలను వాడాయి. సొంత ప్రమాణం 3జిలో వెనుకబడినా, ఆ అనుభవం 4జిలో అక్కరకు వచ్చింది. 5జిఐకి అటువంటి కొనుగోలుదారు లేదు. బీఎస్ఎన్ఎల్ రూపంలో కొనుగోలుదారు ఉన్నా, ఆలస్యం వల్ల ఆ సంస్థ ఎందరో చందాదారులను కోల్పోయింది.

మూడవది, సాంకేతిక తటస్థత అంటే బాధ్యత లేకపోవడం కాదు. ఎంపికను సంస్థలకు వదిలివేసినపుడు వినియోగదారుని ఫోను ఏ సంస్థతోనైనా పనిచేసేలా చూడవలసిన బాధ్యత ప్రభుత్వానిదే. సి.డి.ఎం.ఏ. కాలంలో ఈ రక్షణ లోపించింది. నంబరు మార్చకుండా సంస్థ మారే సౌకర్యం 2011 జనవరిలో దేశమంతటా వచ్చినా, సి.డి.ఎం.ఏ. చందాదారులు సంస్థ మారాలంటే చాలావరకు కొత్త ఫోను కొనుక్కోవలసి వచ్చేది.

2025 నాటికి కూడా కోట్లాది మంది 2జి ఫోన్లనే వాడుతున్నారు. పాత వ్యవస్థను మూసివేస్తే విలువైన స్పెక్ట్రం ఖాళీ అవుతుంది. అయితే దానితోపాటు వ్యవసాయ కూలీలు, వృద్ధులు, చిరువ్యాపారులు వాడే చిన్న ఫోన్లు మూగబోతాయి. సి.డి.ఎం.ఏ. విషయంలో మాదిరిగా ఆ ఖర్చును మళ్ళీ చందాదారుడే భరించాలా అనేది విధానకర్తల ముందున్న ప్రశ్న.