డిస్కుల ద్విపాత్రాభినయం

'రాముడు-భీముడు' (1964)లో రామారావుగారు రెండు వేషాలు కట్టారు. ఒకడి చోట ఇంకొకడు నిలబడితే హాలంతా ఈలలే! ఇంట్లో ఫోటోలు, వీడియోలు దాచుకునే డిస్కులకూ ఈ కిటుకు ఉంది. కంప్యూటర్ కుర్రాళ్లు 'రెయిడ్ 1' అంటారు. ఒకే సరుకును రెండు డిస్కులూ రాసుకుంటాయి. ఒకటి చేతులెత్తేస్తే రెండోది ఆట ఆగకుండా నడిపిస్తుంది. చెరో 4 టెరాబైట్లు కొన్నా దాచుకునే చోటు 4 మాత్రమే. 8 కాదు సుమా!

"చావులేని డిస్కు ఏది గురూ?" అంటున్నారా? లేదు నాయనా! అమెరికాలో బ్యాక్‌బ్లేజ్ అనే కంపెనీ 2013 నుంచి తన డిస్కుల జాతకాలు రాసి ఉంచుతోంది. ఇటీవలి లెక్కల్లో ఏడాదికి నూటికి ఒకటో రెండో పోతున్నాయి. ఆ ఒక్కటీ మనదే కావచ్చుగా!

అందుకని కొనేముందు పెట్టె మీద హంగులు కాదు, లోపలి పద్ధతి చూడండి. నన్నడిగితే 'సీఎంఆర్' రకమే తీసుకోమంటాను. 'ఎస్ఎంఆర్' రకంలో రాసే గీతలు ఇంటి పెంకుల్లా ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఒకటి మార్చాలంటే పక్కవీ తిరగరాయాలి. పోయిన డిస్కు స్థానంలో కొత్తది పెట్టి నింపేటప్పుడు నత్తనడకే! 2020లో వెస్టర్న్ డిజిటల్ వారు కొన్ని 'రెడ్' డిస్కుల్లో ఈ పద్ధతి వాడి, ముందు చెప్పలేదని పెద్ద గొడవైంది. ఆ తర్వాత సీఎంఆర్ వాటికి 'రెడ్ ప్లస్' అని పేరు పెట్టారు. సీగేట్ వారి 'ఐరన్‌వుల్ఫ్' కూడా సీఎంఆరే. ఇంకో మాట. రెండూ ఒకే రోజు, ఒకే కొట్లో కొనకండి. ఒకే ఘానలో పుట్టిన కవలలు ఒకేసారి మంచం పట్టవచ్చు.

ఇంతటితో కథ సుఖాంతమా? కాదు. ద్విపాత్రాభినయంలో పాత్రలు రెండైనా నటుడు ఒక్కడే! హీరోకి జ్వరమొస్తే రెండు వేషాలూ ఆగిపోతాయి. ఇక్కడా అంతే. మీరు పొరపాటున ఒక ఫైలు చెరిపారంటే రెండు డిస్కుల్లోనూ చెరిగిపోతుంది. దొంగ వస్తే పెట్టెతో సహా రెండూ పోతాయి.

1998లో పిక్సార్ స్టూడియోలో 'టాయ్ స్టోరీ 2' తయారవుతుండగా ఎవరో తప్పు కమాండ్ కొట్టారు. సినిమాలో చాలా భాగం మాయం! నకళ్లు తీస్తే అవీ సరిగా లేవు. చంటిబిడ్డతో ఇంటి నుంచే పనిచేస్తున్న గాలిన్ సుస్మన్ దగ్గరి కాపీయే సినిమాను గట్టెక్కించింది.

కాబట్టి మూడో కాపీ ఒకటి విడిగా తీసి, మేనమామ ఇంట్లోనో, అక్కయ్య ఇంట్లోనో ఉంచండి. నెలకోసారి తెచ్చి కొత్తవి చేర్చండి. అన్నట్టు, పాతవి తెరిచి చూడటం మరువకండి. తెరుచుకోని నకలు ఉన్నా లేనట్టే!

మన దేశపు తొలి టాకీ 'ఆలం ఆరా' (1931) ప్రింటు ఇవాళ ఎక్కడా లేదు. అంతటి సినిమాకే ఆ గతి పడితే, మీ నాయనమ్మ గొంతు, చెల్లెలి పెళ్లి వీడియో ఎవరు కాపాడతారు చెప్పండి? మీరే కదూ!