ఫిల్టరులోని బొగ్గును నమ్మి బావిని మఱవరాదు

పత్తిచేలకు మందు కొట్టు దినములు మరల వచ్చినవి. బావిగట్టుననే మందు కలిపి, పని ముగిసిన పిదప పంపును అచ్చటనే కడుగు అలవాటు మన హనుమకొండ ప్రాంతమున ఇంకను పోలేదు. ఆ కడుగునీరు రాతినేల పగుళ్లలో దిగి, మన బిడ్డలు త్రాగు నీటిలోనికే చేరవచ్చును.

“ఫిల్టరు నీళ్లు కొనుచున్నాము గదా, భయమేల?” అని కొందఱు సభ్యులు మాతో ననుచున్నారు. ఫిల్టరులోని బొగ్గు చేయు పని యెట్టిదో తెలిసికొనినగాని ఈ ధైర్యము తగునో తగదో తేలదు.

చిల్లగింజను అరగదీసి కలిపినచో నీటిలోని బురద అడుగునకు దిగును. కరగిన విషము దిగదు. దానికి ఉత్తేజిత కర్బనము కావలయును. కొబ్బరిచిప్పల బొగ్గునకు సుమారు 800 మొదలు 1000 డిగ్రీల వేడిలో ఆవిరి పట్టించినచో, అందు కంటికి కానరాని రంధ్రములు అసంఖ్యాకముగా నేర్పడును. ఒక్క గ్రాము బొగ్గులోని రంధ్రపు గోడలన్నియు పఱచినచో రమారమి 1000 చదరపు మీటర్లు, అనగా పది గుంటల నేల యగును. నీటితో పొత్తు కుదరని సేంద్రియ విషములు, 2011లో నిషేధింపబడిన ఎండోసల్ఫాన్ వంటివి, ఆ గోడలకు అంటుకొని నిలిచిపోవును. దీనినే అధిశోషణ మందురు.

అయినను బొగ్గు శక్తికి మేర గలదు. ఫ్లోరైడును, నైట్రేటును, ఉప్పులను అది యంతగా పట్టజాలదు. మోనోక్రోటోఫాస్ వలె నీటిలో సులభముగ కలియు మందులు దానికి తక్కువగా చిక్కును. గోడలు నిండిన పిమ్మట విషము దాటిపోవును. నీటి రంగు మాత్రము మాఱకపోవచ్చును. 2003లో ఢిల్లీ, ముంబయి నగరముల సీసా నీళ్లలోనే పురుగుమందుల అవశేషములు బయటపడినవి గదా!

కావున మా యభిప్రాయమిది. నీటి ప్లాంటు నడుపు ప్రతి సంఘమును బొగ్గు మార్చిన తేదీని గోడపై వ్రాయింపవలెను. ఏటికొకసారి పురుగుమందులకై నీటిని పరీక్ష చేయింపవలెను. ఖర్చని వెనుదీయరాదు; వైద్యుని ఖర్చు అంతకన్న పెద్దది.

అంతకు మున్ను మన వంతు గలదు. పంపును బావికి దూరముగ, చేనిలోనే కడిగి, ఆ నీటిని మందు కొట్టిన పైరు మీదనే చల్లవలెను. అక్కఱ లేని మందు కొట్టుట మానవలెను. 1997-98లో వరంగల్లు పత్తిచేలలో లద్దెపురుగునకు మందుపై మందు కొట్టియు పంట దక్కక, అప్పులపాలై ఎందఱో రైతులు ప్రాణములు విడిచిరి. ఆ ప్రాంతముననే లింగాలఘనపురం మండలములోని ఏనెబావి రైతులు రసాయనిక మందులను మాని సేద్యము చేసి చూపిరి. వారికి సాధ్యమైనది మనకేల కాదు?

ఈ విషయములను వచ్చు సర్వసభ్య సమావేశమున చర్చకు దేవలసినదిగా సభ్యులనెల్ల కోరుచున్నాము.