ఇరువురి రథము

మొన్న డిగ్రీ విద్యార్థులకు "నాకు నచ్చిన శిల్పము" అను విషయముపై వ్యాసము వ్రాయుడని చెప్పితిని. అందరును లేపాక్షి నందిని గురించియో, రామప్ప గుడిని గురించియో వ్రాసిరి. ఒక్కడు మాత్రము పైకప్పు తీసివేయదగిన, ఇరువురు మాత్రమే కూర్చుండగల కారును గురించి వ్రాసెను. ఆ కాగితమును చూచి నా సహాధ్యాపకు లొకరు నవ్వి, "ఏమండీ, ఇది ధనికుల ఆటబొమ్మ. దీనికి శిల్పమని పేరా? సున్న వేసి పంపండి" అనిరి. నేను పదింటికి ఎనిమిది వేసితిని. ఎందుకు వేసితినో చెప్పవలసిన బాధ్యత నాపై నున్నది.

ముందుగా వారి ఆక్షేపణను తీసికొందము. ఆ వాహనము ఎండకు నీడ నీయదు, సంసారికి చాలదు, సామాను పట్టదు. రోహిణీ కార్తెలో బెజవాడ వీధులలో కప్పు తీసి దాని నెక్కి తిరుగువాని బుద్ధిని శంకింపవలసినదే. ఇవి యన్నియు ఒప్పుకొనుచున్నాను. నాకు పాత స్కూటరు తప్ప వేరు వాహనము లేదు. అట్టి కారు నేనెన్నడును నడుపలేదు. అయినను అది ధనికుల కొరకే పుట్టినదనుట చరిత్రకు సరిపడదు.

ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు పట్టణమున విలియం మోరిస్‌కు చెందిన మోరిస్ గరాజెస్ అను వ్యాపారమునకు 1922 నుండి సెసిల్ కింబర్ మేనేజరుగా నుండెను. మోరిస్ సామాన్యులకై చేయించు కార్ల చట్రములను తీసికొని, వానికి తేలికయైన, చూడముచ్చటయైన ఒడలు తొడిగించుట ఆయనకు వ్యసనము. ఆ వ్యాపారపు పేరులోని రెండు మొదటి అక్షరములే ఎం.జి. అను పేరుగా నిలిచినవి. 1928లో లండను మోటారు ప్రదర్శనమున ఆయన చూపిన ఎం.జి. మిడ్జెట్, మోరిస్ మైనర్ అను చౌక కారు చట్రముపై కట్టినది. కర్రతో అల్లి గుడ్డ కప్పిన ఒడలు, 847 సి.సి. ఇంజను, 20 గుర్రముల బలము, 175 పౌనుల వెల. కూలివాని కది అందునది కాదు నిజమే. కాని నాటి పందెపు కార్ల వెలలతో పోల్చినచో మిక్కిలి స్వల్పము. గుడ్డయు కర్రయు! మన పల్లెలలో గూడుబండి కట్టు వడ్రంగి దానిని చూచినచో పరాయి వస్తువనుకొనడు.

ఇట్టి కారునకు ఇంగ్లీషున రోడ్‌స్టర్ అని పేరు. ఆ మాట మోటారుకంటె ముందరిది. బాటపై స్వారికి పనికివచ్చు గుర్రమునకు వారు వాడుకొన్నది. తెలుగు పంతులును గనుక మాటల జాడ విడువలేను. గుర్రము పోయి పేరు మిగిలినది. పేరుతోపాటు గుర్రపు గుణము గూడ కొంత మిగిలినదని నా వాదము.

భారతమున రథముపై రథి యొకడు, సారథి యొకడు. ఈ కారున ఆ రెండు పనులును ఒక్కనివే, పక్కనుండునది చెలిమికి. అరణ్యపర్వమున బాహుకుడను పేర నలుడు ఋతుపర్ణుని రథమును తోలుచుండగా రాజు ఉత్తరీయము గాలికి జారిపోయినది. ఆపుమని రాజనగా, అది అప్పుడే యోజనము వెనుకబడినదని బాహుకుడు చెప్పెను. ఆ వేగమును మనకు తెలిపినది పైగుడ్డ. రథమునకు నలువైపుల గోడలున్నచో ఆ కథయే లేదు. మూసిన కారులో నూరు మైళ్ల వేగము గూడ కుర్చీలో కూర్చున్నట్లే యుండును. తెరచిన దానిలో నలుబది మైళ్లకే గాలి చెవులలో హోరెత్తును. స్కూటరు నెక్కువారికి ఇది తెలియని విషయము కాదు.

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన 1945లోనే వచ్చిన టి.సి. అను మిడ్జెట్‌ను చూడుడు. ఇంజను 1250 సి.సి. మాత్రమే. ఇంగ్లండులో నుండిన అమెరికను సైనికులు ఈ మిడ్జెట్‌లపై మనసుపడిరి. వారి దేశపు కార్లు ఇంతకంటె పెద్దవి, బలమైనవి. అయినను, ఎడమవైపు స్టీరింగు గూడ లేని ఈ చిన్నదానిని కొని సముద్రము దాటించిరి. 1949 వరకు 10,000 కార్లు తయారుకాగా సుమారు 2,000 అమెరికాకు చేరినవి. కింబర్ ఈ వైభవమును చూడలేదు. 1941లోనే ఆయనను సంస్థనుండి తొలగించిరి. 1945 ఫిబ్రవరిలో లండను కింగ్స్ క్రాస్ వద్ద జరిగిన రైలు ప్రమాదమున మరణించెను.

1962లో ఎం.జి.బి. వచ్చినది. ఐదు లక్షలకు పైగా తయారైనది. దాని పతనమును గురించియే నాకు తగవున్నది. అమెరికాలో రక్షణ నియమములు వచ్చుటచే ఇట్టి కార్లు చచ్చినవని అభిమానులు అందురు. నేనట్లనను. బాటలపై ప్రాణములు పోవుచుండగా నియమము రాకుండునా? కప్పులేని కార్లనే నిషేధింతురను భయము గూడ నాడు వ్యాపించెను. కాని నిషేధము రానేలేదు. ఎం.జి. యజమానులు చేసినదేమి? 1974లో ముందు వెనుకల నల్లని రబ్బరు దిమ్మలు తగిలించి, నియమపు టెత్తు కందుటకై ఒడలిని పైకెత్తిరి. మలుపులలో కారు ఒరుగజొచ్చినది. కొత్త నియమమునకు తగిన కొత్త పద్యము కట్టలేక, పాత పద్యములో పాదపూరణకు వ్యర్థపదములు కూర్చు కవి పని యిది. ఛందస్సును నిందించి లాభమేమి? పదునెనిమిదేండ్లు అదే కారునమ్మి, 1980 అక్టోబరులో ఆబింగ్డన్ కర్మాగారమును మూసివేసిరి.

ఆ విద్యను నిలిపినవారు జపాను దేశీయులు. బాబ్ హాల్ అను అమెరికను పత్రికారచయిత 1979లో మాజ్దా సంస్థకు చెందిన కెనిచి యమమోతోతో, తేలికయైన తెరపు కారును మరల ఎవరైన చేయవలెనని చెప్పెను. పదేండ్లకు, 1989 ఫిబ్రవరిలో చికాగో ప్రదర్శనమున ఎం.ఎక్స్.-5 కనబడినది. 1.6 లీటరుల ఇంజను. బరువు టన్నుకు లోపే. కప్పు వేసినచో వాన కారదు. తాళము త్రిప్పినచో ఇంజను మ్రోగును. ఆంగ్ల కార్ల యజమానులకు ఈ రెండును వరములే. రౌతును గుర్రమును ఒకే దేహమగుటను జపాను భాషలో జింబా ఇత్తై అందురు. ఆ యింజనీర్లు దానినే సూత్రముగ పెట్టుకొనిరి. నలుడు ఋతుపర్ణునికి ఇచ్చిన అశ్వహృదయ మను విద్య నాకప్పుడు గుర్తువచ్చినది. 2016 ఏప్రిలులో పది లక్షలవ కారు బయటికి వచ్చినది. 2015లో వచ్చిన నాలుగవ తరపు కారు, గాలిసంచులు మొదలగు రక్షణలన్నియు కలిగియుండియు టన్ను దరిదాపులలోనే నిలిచినది. నియమము చంపెనను వాదమునకు ఇంతకంటె సమాధానమేమి?

ఎం.జి. పేరు నేడు చైనా సంస్థ చేతిలో నున్నది. వారు 2023లో సైబర్‌స్టర్ అను విద్యుత్ కారును చూపిరి. 2025లో మన దేశమునకును వచ్చినది. వెల డెబ్బది లక్షలు దాటినది. బ్యాటరీల మూలమున బరువు రెండు టన్నులకు దగ్గర. ఇక్కడ నా సహాధ్యాపకుని మాటయే నెగ్గునని ఒప్పుకొనుచున్నాను. కింబర్ కర్రను గుడ్డను తలచుకొన్నచో నాకు కొంత దిగులుగ నున్నది.

ఆ విద్యార్థి వ్రాసినది ఈ కారును గురించియే. 3.2 సెకనులలో గంటకు నూరు కిలోమీటర్ల వేగమందునని మూడు చోట్ల వ్రాసెను. గాలి అను మాట ఒక్కచోటను లేదు. రెండు మార్కులు అందుకే తీసితిని. అతడు వచ్చి కారణమడిగెను. నా స్కూటరు వెనుక కూర్చుండి బస్‌స్టాండు వరకు రమ్మంటిని.